బంగారం పట్టని పేర్లు

బిట్రగుంట రైల్వే కాలనీలో దయ్యాల కథలకు కొదవ లేదు. బొగ్గు గుట్టల దగ్గర తల లేని గార్డు తిరుగుతాడని ఒకరంటే, నీళ్ల ట్యాంకు కింద ఎవరో ఇంగ్లీషులో ఏడుస్తారని ఇంకొకరు. నేను వీటిలో ఒక్కటీ నమ్మలేదు. డ్రైవరు కూతుర్ని, బి.ఏ. చదివినదాన్ని, కాలనీ క్లబ్బులో రీడింగ్ రూమ్ చూసుకునేదాన్ని. నమ్మితే నా పరువేం కావాలి? కానీ పెయింటర్ కరీముల్లా సంగతి ఎవరైనా ఎత్తితే మాత్రం తొందరపడి నవ్వను. ఆయన పనిచేస్తుండగా క్లబ్బు హాల్లో పదేళ్లు నేనూ ఉన్నాను.

కరీముల్లాది కావలి. లోకోషెడ్‌లో ఇంజన్ల మీద నంబర్లు రాసే ఉద్యోగం. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. దగ్గరికొస్తే టర్పెంటైన్ వాసన. మాట బహు పొదుపు. పదిసార్లు పలకరిస్తే ఒకసారి తలూపేవాడు, అదీ మనం పెద్దమనిషి అయితేనే. ఏడాదికి ఒక్క రోజు, క్రిస్మస్ ముందు వారంలో, షెడ్డు నుంచి సెలవు పెట్టి మా క్లబ్బు హాల్లో బోర్డు పని చేసేవాడు.

ఆ బోర్డు మా క్లబ్బుకు కిరీటం. మద్రాసుకీ బెజవాడకీ మధ్య అంతకన్నా పెద్ద టెన్నిస్ పోటీ లేదని మావాళ్లు గొప్పగా చెప్పుకునే కోస్తా కప్పు ఏటా క్రిస్మస్‌కి మా కోర్టులో జరిగేది. 1919 నుంచి గెలిచినవాళ్ల పేర్లన్నీ హాల్లో టేకు బోర్డు మీద బంగారు అక్షరాలతో ఉండేవి. పైన అంతా దొరలు, వాళ్ల కింద ఆంగ్లో ఇండియన్లు, ఆ కింద మనవాళ్లు. ఉప్పుగాలికి బంగారం కొంచెం కొంచెంగా రాలిపోయేది. అందుకని ప్రతి పేరులోనూ మొదటి అక్షరానికి ఏటా కొత్త బంగారు రేకు వేయాలి. ఆ పద్ధతి కరీముల్లా తండ్రి పెట్టాడు. రేకు వేసేటప్పుడు ఆ పేరు పైకి చదవాలన్నదీ ఆయన పెట్టిన పద్ధతే.

"పేరు పిలవకుండా బంగారం పెడితే మనిషికి తెలియద్దా అమ్మా?" అనేవాడు కరీముల్లా. అంతకుమించి చెప్పేవాడు కాదు.

పని ఉదయం ఆరింటికి మొదలయ్యేది. ముందు అక్షరాల మీద వార్నిష్ పూస్తాడు. మూడు నాలుగు గంటలు గడిచేసరికి అది ఆరీ ఆరనట్టు, వేలికి అంటీ అంటనట్టు అవుతుంది. నడిమి వేలి వెనక కణుపు ఆనించి అదను చూసేవాడు. ఆ అదను మధ్యాహ్నం దాకానే. దాటితే వార్నిష్ గాజులాగా ఎండిపోతుంది, రేకు పట్టదు. వెడల్పాటి మెత్తని బ్రష్షును చెంపకు రాసుకొని, ఆ జిడ్డుకు రేకు అంటించి తీసి, పేరు పిలిచి అక్షరం మీద వదిలేవాడు. ఊపిరి తగిలితే ఎగిరిపోయే రేకు అది. ఆ పూట హాల్లో ఫ్యాన్లు తిరగవు, కిటికీలు తెరవరు. మాట్లాడాలన్నా నోటికి కొంగు అడ్డం పెట్టుకోవాల్సిందే.

1958లో మొదటిసారి ఆ వింత చూశాను. ముప్పై నాలుగేళ్ల కింద గెలిచిన పార్ట్రిడ్జ్ దొర పేరు పిలిచి రేకు వేశాడు. రేకు ఒక్క క్షణం అక్షరం మీద నిలిచి, లోపలి నుంచి ఎవరో ఊదినట్టు లేచి, నేల మీద పడింది. ఇంకొకటి వేశాడు. అదీ పడింది. కణుపు ఆనించి చూశాడు. వార్నిష్ సరిగ్గానే ఉంది. మూడో రేకు కూడా పడ్డాక నిచ్చెన దిగాడు.

"దొర పోయినట్టుండాడు కరుణమ్మా."

నాకు నవ్వాగలేదు. "ఇంగ్లండ్‌లో ఉన్న మనిషి గురించి మీ వార్నిష్‌కి టెలిగ్రాం వచ్చిందా అన్నా?"

"చెయ్యి పెట్టి చూడు."

నిచ్చెనెక్కి వేలు పెట్టాను. పై పేరూ కింది పేరూ మామూలు చెక్కలాగే ఉన్నాయి. ఆ ఒక్క అక్షరం మాత్రం కుండ అడుగులాగా చల్లగా ఉంది. వెంటనే చెయ్యి తీసేశాను. ఫిబ్రవరిలో దొరసాని దగ్గర నుంచి క్లబ్బుకు ఉత్తరం వచ్చింది. దొర డిసెంబరు మొదట్లో పోయాడట. బోర్డు మీద ఆయన పేరుకు ఫోటో తీసి పంపమని అడిగింది. రెండేళ్ల తర్వాత తిరుచ్చిలో ఉండే రిటైర్డ్ డ్రైవరు విషయంలోనూ ఇంతే జరిగింది. ఆ రెండో కబురు ఉత్తరంలో చదివాక నేను నవ్వడం మానేశాను. ఒకసారి రేకు వద్దన్న పేరుకు కరీముల్లా మళ్లీ రేకు వేసేవాడు కాదు. ఆ పేరు మెల్లగా నల్లబడేది. బోర్డు మీద పై నుంచి చీకటి ఒక్కో వరుసే దిగుతున్నట్టుండేది.

1961లో కప్పు గెలిచినవాడు మావాడు. చిన్నపోలయ్య, ఇంజన్ ఫైర్‌మన్. సముద్రం ఒడ్డున పట్టపుపాళెం వాళ్లది. ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లకు డబుల్స్ ఆటకు ఒకడు తక్కువైతే, సరదాకి వీణ్ణి నిలబెట్టారు. పొయ్యిలోకి బొగ్గు విసిరిన చేతులు కదా, బంతి కొడితే అవతలివాడు తప్పుకోవాల్సి వచ్చేది. ఆ ఏడు ఫైనల్లో మద్రాసు లాయరును ఓడించాడు. వాళ్లమ్మ పేరమ్మ కాలనీలో చేపలమ్మేది. ఫైనల్ జరుగుతున్నంతసేపూ గంప దించకుండా కంచె బయటే నిలబడింది. ఆమె కాలనీకి గంప తెచ్చిన ఇరవై ఏళ్లలో చేపల వాసన ఎవరికీ తెలియలేదు గానీ, ఆ రోజు మాత్రం ఇద్దరు మెంబర్లు ముక్కు మూసుకున్నారు. వాళ్ల పేర్లు చెప్పను, ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కరీముల్లా మాత్రం ఫైనల్ మర్నాడు డ్యూటీ దిగాక వచ్చి, చిన్నపోలయ్య పేరుకు ఒకటికి రెండు రేకులు వేసి రాశాడు.

మరుసటి ఏడు కార్తీకంలో చిన్నపోలయ్య రెండు రోజులు సెలవు పెట్టి పాళెం పోయాడు. చిన్నాన్న గంగులయ్యతో కలిసి తెప్ప మీద వేటకెళ్లాడు. ఆ మధ్యాహ్నమే గాలివాన విరుచుకుపడింది. మూడో రోజు గంగులయ్య శవం ఒడ్డుకొచ్చింది. చిన్నపోలయ్య మాత్రం రాలేదు. శవమూ రాలేదు, చొక్కా ముక్కా రాలేదు. ఏదో ఓడవాళ్లు ఎక్కించుకొని సింహళం తీసుకుపోయి ఉంటారన్నారు కొందరు. ఉన్నాడనుకోవాలో పోయాడనుకోవాలో తెలియదు. కర్మ చేయడానికి లేదు. అతని భార్య చెంచమ్మకు పందొమ్మిదేళ్లు, చంకలో బిడ్డ. ఆ పిల్ల మెడలో నల్లపూసలు ఉంచుకోవాలో తీసెయ్యాలో చెప్పేవాళ్లు లేరు.

బోర్డు సంగతి కాలనీలో అందరికీ తెలుసు. పేరమ్మ కబురంపింది. "నేనొచ్చిందాకా నా బిడ్డ పేరు ముట్టుకోవద్దని చెప్పండి సాయిబుకి."

ఆ డిసెంబరులో బోర్డు పని రోజు కరీముల్లా ఎప్పట్లాగే ఆరింటికి వార్నిష్ పూశాడు. పదింటికి మిగతా పేర్లన్నీ అయిపోయాయి. చిన్నపోలయ్య పేరు ఒక్కటే మిగిలింది. గాలివానకు రోడ్డు కోసుకుపోయి బస్సు లేదు. అత్తాకోడళ్లు బిడ్డను ఎత్తుకొని బురదలో నడిచి నడిచి వచ్చేసరికి నాలుగు దాటింది. హాల్లోకి రావడానికి పేరమ్మ జంకింది. రమ్మని నేనే చెయ్యి పట్టి లాక్కొచ్చాను. తడి కాళ్లతో ఇద్దరూ గోడ వారగా కూర్చున్నారు. చెంచమ్మ పూసలను గుప్పిట్లో పట్టుకొని ఉంది.

కరీముల్లా మాకు వీపు పెట్టి నిచ్చెన మీద నిలబడ్డాడు. కణుపు ఆనించి చూడనైనా చూడలేదు. "చిన్నపోలయ్యా," అని పిలిచి రేకు వేశాడు. రేకు జారి, మెలికలు తిరుగుతూ, చప్పుడు లేకుండా కింద పడింది. రెండోదీ పడింది.

"పట్టిందా సాయిబూ?" పేరమ్మ గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది.

కరీముల్లా రేకు బ్రష్షు పక్కన పెట్టాడు. తర్వాత డబ్బాల్లోంచి ఒకటి తీశాడు. అది ఇంజన్ నేమ్‌ప్లేట్లకు వాడే, ఇత్తడి పొడి కలిపిన రంగు. దాంతో అక్షరం దిద్దాడు. దూరానికి అది బంగారమో కాదో నేనైనా చెప్పలేను.

"పట్టింది అక్కా. నీ కొడుకు యాడో ఉండాడు," అన్నాడు వెనక్కి తిరగకుండానే.

చెంచమ్మ బోరున ఏడ్చింది. పేరమ్మ ఏడవలేదు. లేచి, బోర్డుకు దణ్ణం పెట్టి, కోడల్ని తీసుకొని వెళ్లిపోయింది. వాళ్లు పోయాక నేను కరీముల్లా మీద విరుచుకుపడ్డాను. తల్లితో ఆడే అబద్ధమా ఇది అన్నాను. ఆయన నిచ్చెన మెట్టు మీద కూర్చొని, "ఆ పిల్ల చెయ్యి చూసినావా కరుణమ్మా, పూసల మీద? నేనెట్టా చెప్పేది?" అన్నాడు.

ఆ అబద్ధం ఆయన్ను ఐదేళ్లు తిన్నది. ఏటా పేరమ్మ ఒక్కతే వచ్చేది. గోడ వారగా కూర్చొని పేర్లన్నీ వినేది. కొడుకు పేరు వచ్చినప్పుడు కళ్లు మూసుకునేది. కరీముల్లా ఆ అక్షరానికి మళ్లీ రేకు వేసి చూసే ధైర్యం చేయలేదు, ఏటా ఇత్తడి రంగే దిద్దేవాడు. గెడ్డం నెరిసింది. షెడ్డులో నంబర్లు తప్పు రాసి రెండుసార్లు మాట పడ్డాడు. ఒకసారి ఆయన భార్య లాల్‌బీ నా దగ్గరికొచ్చి, "నిద్రలో పేర్లు పిలస్తా ఉండాడమ్మా, ఏందది?" అని అడిగింది.

1967 డిసెంబరులో పేరమ్మ పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చింది. కరీముల్లా అప్పుడే వార్నిష్ మొదలుపెట్టాడు. ఈసారి ఆమె గోడ దగ్గరికి పోలేదు. నిచ్చెన పక్కకొచ్చి నిలబడింది.

"సాయిబూ, పోయిన నెల కోడలికి మారుమనువు చేసినా. మునెయ్యకిచ్చినా. మంచోడు."

కరీముల్లా బ్రష్షు ఆగిపోయింది. "అదేంది అక్కా, నీ కొడుకు..."

"నా బిడ్డ పోయినాడు సాయిబూ. నాకు ఆ పొద్దే తెలుసు. ఇంటికి పోయి కాళ్లు కడుక్కుంటా ఉంటే నా అరికాలికి బంగారు రేకు అంటుకోనుండాది. నువ్వు వేసింది పడిపోయిందని తెలిసిపొయ్యింది." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "కోడలికి చెప్పలే. చెప్తే బిడ్డను తీసుకొని పుట్టింటికి పోతాది. నేను ఒక్కదాన్నే ఉండలేక అయిదేండ్లు దాన్ని అట్నే కూసోబెట్టినా. అది నా పాపం, నీది కాదు."

"మరి ఏటా ఎందుకొచ్చినావు అక్కా?"

"మా పాళెంలో సముద్రం తీసుకున్నోడి పేరు ఎవురూ పలకరు. పలికితే సముద్రం ఇంకోన్ని అడుగుతాదంట. వాడి పేరు పిలిచేది ఈ భూమ్మీద నువ్వొక్కడివే."

కరీముల్లా నిచ్చెన దిగి ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. ఇద్దరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు. తర్వాత ఆయన టర్పెంటైన్‌తో ఐదేళ్ల ఇత్తడి రంగు తుడిచేసి, ఉత్త అక్షరం మీద వార్నిష్ పూశాడు. రేకు పడిపోతే ఇక ఆ పేరును తక్కిన పోయినవాళ్ల పేర్లలాగే వదిలేద్దామని. పేరమ్మ పదింటిదాకా కూర్చుంది. బస్సు వేళయిందని, కొడుకు పేరు ముందుగా ఒక్కసారి పిలవమంది. ఆయన పిలిచాడు. ఆమె కళ్లు మూసుకొని విని, తలుపు చేరవేసుకొని బయటికి నడిచింది. అంత తేలిగ్గా ఆమె నడవడం నేను చూడలేదు.

పై పేర్లన్నీ అప్పటికే అయిపోయాయి, మధ్యలో మిగిలిన ఒక్క పేరూ ముగించి కరీముల్లా కిందికి వచ్చాడు. చిన్నపోలయ్య దగ్గర ఆగాడు. కణుపు ఆనించి చూశాడు. పేరు పిలిచి రేకు వదిలాడు.

రేకు నిలిచింది. ఊదాడు, కదల్లేదు. బ్రష్షుతో తుడిచాడు. అక్షరం కొత్త బంగారంతో మెరిసింది.

నేను నిచ్చెనెక్కి ముట్టుకున్నాను. గోరువెచ్చగా ఉంది.

"కరుణమ్మా," అన్నాడాయన. "ఆ పొద్దు వాళ్లొచ్చేసరికి ఎంతైందీ?"

"నాలుగు దాటింది అన్నా."

"ఆరింటికి పూసిన వార్నిష్. ఎండిపోయుంటాది. నేను... ఏలు ఆనించి చూడలే."

కిటికీ అద్దంలోంచి పేరమ్మ కనిపిస్తూనే ఉంది. ఖాళీ కోర్టు పక్కగా నడిచి గేటు దగ్గరికి చేరింది. కరీముల్లా తలుపు తోసుకొని వరండాలోకి పరుగెత్తాడు. గాలికి హాల్లో మిగిలిన రేకులన్నీ లేచాయి. ఆయన నోరు తెరిచాడు. పిలిస్తే వినిపించేంత దూరంలోనే ఉందామె. కానీ పిలిచి ఏమని చెప్పాలి? చెంచమ్మ మునెయ్య ఇంట్లో ఉంది. ఆ తల్లి ఇప్పుడే గుండె బరువు దించుకొని పోతోంది. ఆయన పిలవలేదు. నేనూ పిలవలేదు. ఆ పాపంలో సగం నాది.

మళ్లీ ఏటి నుంచి కరీముల్లా బోర్డు పనికి రాలేదు. పేరమ్మ వచ్చి, గోడ వారగా కాసేపు కూర్చొని, వెళ్లిపోయింది. ఆయన మాత్రం రోజూ డ్యూటీ దిగాక, సింహళం నుంచి తిరిగొచ్చేవాడు ఎక్కాల్సిన మద్రాసు ప్యాసింజరు వచ్చే వేళకు స్టేషన్‌కి పోయేవాడు. దిగిన ప్రతివాడి ముఖం చూసేవాడు. బండి కదిలాక కొళాయి దగ్గర చేతులకున్న రంగు కడుక్కొని ఇంటికి పోయేవాడు.