తలుపుకి ఆనించిన కుర్చీ

మా పెద్దమ్మ జ్వరాలతో పోట్లాడేది. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేయడం ఆవిడ పని. ఇప్పటికీ ఎక్కడైనా వేడి ఇస్త్రీ వాసన తగిలితే చాలు, నాకు ఆవిడ పక్కన నిలబడ్డట్టే ఉంటుంది. మడత పెట్టేటప్పుడు ప్రతి దుప్పటి మీదా అరచెయ్యి ఆనించి, "యేసయ్యా, దీని మీద ఎవరు పడుకుంటారో నాకు తెలీదు, నీకు తెలుసు. లేపు" అనేది. ఆ తర్వాత గొంతు మార్చి, మొండికేసిన అద్దెవాణ్ణి ఖాళీ చేయిస్తున్నట్టు రోగాన్ని గదమాయించేది. "నడువ్. ఇది నీ ఇల్లు కాదు." తోటివాళ్ళు ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. ఆవిడకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

అలాంటి మనిషి పడుకోబోయే ముందు తలుపు గడియ పెట్టి, దానికి కుర్చీ ఆనించేది. పెదనాన్న తాగొచ్చి కొట్టి కొట్టి, చివరికి ఇల్లు వదిలి పోయాడు. ఆయన వెళ్ళిపోయి ఏళ్ళయినా కుర్చీ మాత్రం డ్యూటీ మానలేదు.

"సాతానునే బెదిరిస్తావు, నీకు కుర్చీ ఎందుకక్కా?" అని మా అమ్మ ఆటపట్టించేది.

"సాతానుకి చేతులుండవే" అనేది పెద్దమ్మ.

నాన్న పోయాక అమ్మా నేనూ ఆవిడ దగ్గరే ఉండేవాళ్ళం. ఒక వానాకాలం అమ్మకి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. అదే ఆసుపత్రిలో చేర్చాం. డాక్టరు పెదవి విరిచాడు. పెద్దమ్మ ఒక మంచి దుప్పటి ఏరి, దాని మూలన నీలం దారంతో ముడి వేసి కుట్టింది. సొంతవాళ్ళ దుప్పటికి అదే గుర్తు. దాని మీద చెయ్యి పెట్టి, ముక్కు ఎగబీలుస్తూ చాలాసేపు ప్రార్థించి, వార్డు ఆయా చేతికిచ్చి అమ్మ మంచం ఏదో చెప్పింది.

ఆయాకి మతిమరుపు. సాయంత్రం చూస్తే అమ్మ దుప్పటికి ముడి లేదు.

"మగాళ్ళ వార్డులో ఒకాయన పక్క తడిసిపోతే, చేతిలో ఉన్నది పరిచేశానమ్మా" అంది ఆయా.

పెద్దమ్మ మార్చడానికి మరో దుప్పటి పట్టుకుని విసవిసా నడిచింది. నేను వెనకే పరిగెత్తాను. మంచం దగ్గరికి వెళ్ళి కొయ్యబారిపోయింది. పడుకున్నది పెదనాన్న. కళ్ళు పచ్చగా, పొట్ట ఉబ్బి, చేతులు పుల్లల్లా ఉన్నాయి. ఆవిణ్ణి చూసి గోడవైపు తిరగబోయాడు గానీ ఓపిక చాలలేదు. ఆయన కాళ్ళ దగ్గర నీలం ముడి కనిపిస్తోంది.

"లాగేయ్ పెద్దమ్మా" అన్నాను. నాకు మా అమ్మ కావాలి. ఆయన ఏమైపోతే నాకేం?

పెద్దమ్మ వంగి దుప్పటి అంచు పట్టుకుంది. లాగలేదు, ఆయన కాలి కింద నలిగిన ఆ అంచుని సరిచేసి, దాని మీద అరచెయ్యి ఆనించింది.

"యేసయ్యా, దీని మీద ఎవరున్నారో ఈసారి నాకు తెలుసు. అయినా లేపు." తర్వాత ఎప్పటి గొంతుతోనే, "నడువ్. ఇది నీ ఇల్లు కాదు" అంది.

పాపం, ఆయన తననే అనుకుని లేవబోయాడు.

"నిన్ను కాదు, పడుకో" అంది పెద్దమ్మ.

వరండాలోకి రాగానే ఏడుస్తూ, "మరి అమ్మకో?" అని నిలదీశాను.

"చేసిన ప్రార్థన ఎలా లాక్కుంటానే? యేసయ్య దగ్గర ఒక్క స్వస్థతే ఉందనుకున్నావా?" అని, చేతిలో మిగిలిన దుప్పటి తీసుకెళ్ళి అమ్మ కింద పరిచింది.

అమ్మ మెల్లగా తేరుకుంది. మందులే నయం చేశాయనేవాళ్ళతో నాకు పేచీ లేదు. పెదనాన్న కూడా లేచి తన దారిన పోయాడు. తాగుడు మానేశాడని విన్నాం. ఇంటికి రాలేదు, ఈవిడా రమ్మనలేదు.

అమ్మ ఇంటికొచ్చిన రోజు పడుకునే ముందు పెద్దమ్మ గడియ పెట్టింది. అలవాటు కొద్దీ నేను కుర్చీ తలుపు దగ్గరికి జరపబోయాను.

"ఉండనీవే" అంది. "దాని మీద మీ అమ్మ మందులున్నాయి."