పెన్నీ మీద ఆరో వేలు

2010 అక్టోబరు పదహారు, శనివారం, పొద్దున పదకొండుంపావు. ఇన్నేళ్ల తర్వాత ఇవాళ కిరాణా కొట్టులో చిల్లరతోపాటు ఆ పూట కూడా నా చేతిలో పడింది. పెన్నీ అంటే ఒక సెంటు నాణెం, దాని వెనకవైపు దుంగ మీద కూర్చుని పుస్తకం చదివే కుర్రాడు. అరవై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని, వాణ్ణి చూస్తే నాకెప్పుడూ కాస్త ఒళ్లు మంటే.

ఆ పెన్నీలు 2009లో వచ్చాయి. అచ్చుదిమ్మ మీద బొమ్మ రవ్వంత జరిగి రెండుసార్లు పడితే, దాంతో కొట్టిన నాణెం మీద కుర్రాడి చేతికి ఇంకో వేలు మొలుస్తుంది. వెంట్రుకంత గీత, అంతే. మా ఆయనకి దాని పిచ్చి పట్టుకుంది. అప్పుడు బాతెల్ అనే ఊళ్లో మా అమ్మాయి దగ్గర ఉండేవాళ్లం. బ్యాంకు నుంచి పొగాకు చుట్టల్లా కాగితం చుట్టిన పెన్నీలు తెప్పించుకుని, కిటికీ దగ్గర భూతద్దంతో కూర్చునేవారు. అన్నానికి పిలిస్తే ఇదొక్కటీ చూసి వస్తానని పప్పు చల్లార్చేవారు. నేను తిట్టేదాన్ని. చూపు నిలవదని, మందు లేదని కంటి డాక్టరు తేల్చేశాక తిట్టడం మానేశాను. కళ్లు పోయేలోపు తను పట్టుకున్నది ఒక్కటైనా నాణేల క్లబ్బువాళ్లు చూసి అవుననాలి. ఆయన కోరిక అదొక్కటే. అంతకుముందు తీసుకెళ్లినవన్నీ ఉత్త గీతలన్నారు.

చివరికి ఒకటి దొరికింది. నల్లబడ్డ పెన్నీ. అద్దంలో నేనూ చూశాను, వేలు వేలులాగే ఉంది. జెర్సీ సిటీ నుంచి వచ్చిన మా ఆడపడుచు, నలుగురిలో పెట్టే వస్తువు మురికిగా ఉంటే అన్నయ్యకి నామోషీ అనుకుని, పండక్కి ఇత్తడి చెంబులు తోమినట్టు దాన్ని చింతపండు, ఉప్పు వేసి స్టీలు పీచుతో తోమేసి, డబ్బాలో యథాప్రకారం పెట్టేసింది. మాకు చెప్పలేదు. క్లబ్బులో తెరిచాక ఆయన మురిసిపోవాలని.

ఆ శనివారం పొద్దున క్లబ్బు పెద్దమనిషి డబ్బాని బల్ల మీద పెట్టి తెరిచాడు. తళతళా మెరిసింది. అద్దం పెట్టి చాలాసేపు చూసి, తల అడ్డంగా ఆడించి, ఇంగ్లీషులో మెల్లగా ఏదో చెప్పాడు. కారు డ్రైవ్ చేసుకొచ్చిన మా అల్లుడు నేల చూస్తూ తెలుగులో చెప్పాడు.

"నిండా స్క్రాచెస్ అట మామయ్యగారూ. ఏది వేలో, ఏది పీచు గీతో తను చెప్పలేనంటున్నారు."

మా ఆడపడుచు ఆయన వైపు తిరిగింది. "తోమకూడదా అన్నయ్యా?"

ఆయన నాణేన్ని కంటికి దగ్గరగా పట్టుకున్నారు. "బాగానే తోమావు అమ్మాయ్. మెరుస్తోంది. నాక్కూడా కనిపిస్తోంది."

ఆ చలికాలానికి నాణెం బొమ్మవైపేదో వేలితో తడిమితేగానీ ఆయనకి తెలిసేది కాదు. తర్వాత ఆరో వేలున్న పెన్నీ కోసం నేనూ వెతికాను. దొరకలేదు. దొరికినా అది ఆయన కళ్లు పట్టింది కాదుగా. కాలం ఏదో ఒకటి చేస్తుందని చూశాను. గడవడం తప్ప అదేమీ చెయ్యలేదు. ఆ రోజు ఆ బల్ల దగ్గర ఉన్నది ఆయన, మా ఆడపడుచు, అల్లుడు, క్లబ్బు పెద్దమనిషి, నేను.