గోలు కొట్టని కృపావరం

పెనుమాల కృపావరం వృత్తిరీత్యా ఫుట్‌బాల్ ఆటగాడు. పదేళ్లకు పైబడి ఆడినా ఒక్క గోలు కొట్టిన పాపాన పోలేదు. మైదానం నడిమధ్యన నిలబడి, వచ్చిన బంతిని వచ్చినట్టే పక్కవాడికి వడ్డించి పంపేవాడు. ‘వడ్డించి’ అన్నది అలంకారానికి వాడిన మాటని ఎవరూ అనుకోకూడదు. చాముండేశ్వరి టీచరుగారి ఎదుట అవసరం లేని అలంకారాలు చెల్లవు. అతడు నిజంగానే బంతిని వడ్డించేవాడు.

ఆ సంగతి ఆవిడకు మొదటి పరిచయంలోనే తెలిసింది. ముదినేపల్లి దగ్గరి ఒక ఊరి ఉన్నత పాఠశాలకు తెలుగు పండితురాలిగా బదిలీ అయి వెళ్లిన కొత్తలో, అక్కడి చర్చి వార్షికోత్సవంలో ప్రేమవిందుకు ఆవిడను పిలిచారు. పందిట్లో పంక్తి చివర కూర్చుని, ఒక గరిటె పప్పుచారు పోయించుకుని, ఇక చాలంటూ రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టారు. ఆ ప్రాంతంలో విస్తరికి చేతులు అడ్డం పెట్టడం మర్యాద. ఆ చేతులను తప్పించి వడ్డించడం అంతకు మించిన మర్యాద. అప్పుడే ఒక బక్క కుర్రాడు తనకన్నా బరువైన బకెట్టు మోసుకుంటూ వచ్చి, ఆకుకు ఎడమవైపు ఆశగా చూశాడు. ఆవిడ చేతులు ఎడమకు జరిపారు. అంతే, గరిటెడు పప్పుచారు కుడివైపు అన్నం గుంటలో పడింది. ఆవిడ వేలి మీద గానీ, జరీ అంచు మీద గానీ చుక్క పడలేదు.

“చాలన్నానా!” అన్నారు ఆవిడ, తరగతిలో వాడే గొంతుతో.

“ఆయ్, అన్నారండి. అందుకే కొంచెమే వేశానండి.”

“నీ పేరేమిటి?”

“పెనుమాల కృపావరమండి. ఆరో తరగతండి. మజ్జిగ కూడా ఉందండి.”

ఈ విద్య అతనికి తండ్రి నుంచి వచ్చింది. నెహెమ్యా చేపల చెరువుల మీద పనిచేసేవాడు. చర్చిలో విందు జరిగితే మాత్రం వడ్డన మొత్తానికి అతడే సేనాధిపతి. అతని సైన్యంలో నియమాలు రెండు. ఎవరి ఆకు ఖాళీగా ఉందో అడక్కుండా కనిపెట్టాలి. చివరి పంక్తి లేచేదాకా వడ్డించేవాడు ఒక్క మెతుకు నోట్లో వేసుకోకూడదు. కృపావరం ఈ రెండు నియమాలనూ పందిట్లోనే వదిలి రాకుండా తరగతి గదిలోకి కూడా తెచ్చుకున్నాడు. ఆ ఏడు అర్ధ సంవత్సర పరీక్షలో పక్కవాడికి సంధి సూత్రం చెబుతూ దొరికిపోయాడు.

“ఏమిటీ అకృత్యం?” అని గర్జించారు చాముండేశ్వరి గారు.

“పాపం, ఆడి కాగితం ఖాళీగా ఉందండి.”

“అయితే?”

“చూస్తా ఎలా ఊరుకుంటామండి?”

ఇద్దరినీ బెంచీ ఎక్కించారు. ఎక్కేటప్పుడు కూడా పక్కవాడికి చెయ్యందించి, వాణ్ణి ముందు ఎక్కించాడు కృపావరం.

అతణ్ణి ఫుట్‌బాల్‌లోకి లాగినవారు డ్రిల్లు మాస్టారు తోమా గారు. చేపలు పట్టేశాక ఎండగట్టిన చెరువు అడుగే వారి మైదానం. నెర్రెలు బారిన ఆ బురదనేల మీద బంతి ఎటు దూకుతుందో బంతికే తెలియదు. కృపావరానికి మాత్రం తెలిసేది. ఎదుటివాళ్లు కాళ్లు అడ్డం పెడితే, అవి అతనికి విస్తరి మీద అడ్డం పెట్టిన చేతుల్లాగే కనిపించేవి. ఎడమకు చూసి కుడికి పంపేవాడు. కాళ్ల సందుల్లోంచి, పిక్కల పక్కనుంచి, ఎవరికీ తగలకుండా బంతి వెళ్లి, చాలాసేపటి నుంచి బంతే అందని కుర్రాడి పాదం ముందు ఆగేది.

“ఒరేయ్, ఎదురుగా గోలు ఖాళీగా ఉంది కదరా! కొట్టొచ్చు కదా!” అని మాస్టారు నెత్తి బాదుకునేవారు.

“వడ్డించేవాడు మధ్యలో తినకూడదండి,” అనేవాడు కృపావరం.

తినకుండానే అతడు జిల్లా జట్టు దాటాడు, రాష్ట్రం దాటాడు, చివరికి కలకత్తాలో ఒక పెద్ద క్లబ్బుకు మిడ్‌ఫీల్డరయ్యాడు. అప్పటికి పదవీ విరమణ చేసి ఏలూరులో స్థిరపడ్డ చాముండేశ్వరి గారు ప్రతి ఆటా టీవీలో చూసేవారు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఆవిడకు చివరిదాకా బోధపడలేదు. క్రమశిక్షణ తప్పి ముందుకు పోవడమని మాత్రం గ్రహించి, ఆ నియమాన్ని మనస్ఫూర్తిగా ఆమోదించారు. భర్త సోమసుందరం గారు పక్కనే కూర్చుని వేళాకోళం చేసేవారు.

“మీ శిష్యుడు గోలు కొట్టిన రోజున నేను కాకరకాయ కూర తింటాను,” అన్నారొకసారి. ఆయన పెళ్లయిన నాటి నుంచి కాకరకాయను ముట్టుకోలేదు. ఆ క్షణం నుంచి చాముండేశ్వరి గారికి కృపావరం గోలు కొట్టడం జీవితాశయమైపోయింది.

అది అంత సులభంగా నెరవేరే ఆశయం కాదు. ఒక ఆటలో అవతలి గోల్‌కీపర్ జారి బోర్లాపడ్డాడు. బంతి కృపావరం కాళ్ల దగ్గరే ఉంది. అతడు తన జట్టువాడెవడైనా వస్తాడేమోనని వెనక్కి తిరిగి ఎదురుచూశాడు. ఈలోగా గోల్‌కీపర్ లేచాడు, మోకాళ్లు దులుపుకున్నాడు, బూటు తాడు కట్టుకున్నాడు. స్టేడియమంతా జుట్టు పీక్కుంది.

ఇంకొకసారి, మర్నాడు తమతో ఆడబోయే జట్టును భోజనానికి పిలిచాడు. గోంగూర, ముద్దపప్పు, చేపల పులుసు, ఆపైన గడ్డపెరుగు. వాళ్లు చేతులు అడ్డం పెట్టారు. చేతులు అడ్డం పెట్టినవాడు కృపావరం ముందు బతికి బట్టకట్టిన దాఖలా లేదు. మర్నాడు మైదానంలో వాళ్లు కొల్లేటి బాతుల్లా అటూ ఇటూ ఒరుగుతూ నడిచారు. కోచ్ అతణ్ణి కౌగిలించుకుని, ఇంత గొప్ప వ్యూహం తాను ఎన్నడూ చూడలేదన్నాడట. కృపావరం ఆ రాత్రి టీచరుగారికి ఫోన్ చేసి ఒకటే బాధపడిపోయాడు.

“వ్యూహమంటాడేంటండీ? మనూరొచ్చినోళ్లని ఖాళీ కడుపుతో ఎలా పంపుతామండీ?”

తాడేపల్లిగూడెంలో అతని పెళ్లి జరిగినప్పుడు దంపతులిద్దరూ వెళ్లారు. వేదిక మీద పెళ్లికూతురు పెర్సిస్ ఒంటరిగా కూర్చుని ఉంది.

“వరుడేడమ్మా?” అని అడిగారు చాముండేశ్వరి గారు కంగారుగా.

“మజ్జిగ దగ్గర ఉన్నారండి,” అంది పెర్సిస్, అప్పటికే అలవాటు పడిపోయిన గొంతుతో. “మూడో పంక్తి లేచాక ఫోటోలకి వస్తానన్నారండి.”

అలాంటి కృపావరానికి ముప్పై నిండాయి. ఆ సీజను ఆఖరి ఆటకు ముందు పెర్సిస్ ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది.

“ఈ ఒక్క ఆటలో ఒక్క గోలు కొడితే వచ్చే ఏడాదికి ఉంచుతారటండి, లేకపోతే ఇంటికేనటండి. ఈయన నా మాట వినరండి. వాళ్ల నాన్నగారిని అడిగితే ఆయనా వడ్డించమనే అంటారండి. మీరు చెబితేనే వింటారండి.”

చాముండేశ్వరి గారు వెంటనే కలకత్తాకు ఫోన్ కలిపారు.

“కృపావరం!”

“టీచర్ గారండీ! భోంచేశారా అండీ?”

“భోజనం సంగతి తరువాత. ఆదివారం గోలు కొడతావా, కొట్టవా?”

“చూస్తానండి.”

“చూడడం కాదు. పూర్తి వాక్యంలో చెప్పు.”

కృపావరం కాసేపు నసిగాడు. “ఆదివారం నాడు నేను గోలు కొట్టుటకు ప్రయత్నించెదనండి.”

“ప్రయత్నం వద్దు.”

“కొట్టెదనండి.”

ఆదివారం సాయంత్రానికి పెర్సిస్, నెహెమ్యా ఏలూరు వచ్చి టీవీ ముందు కూర్చున్నారు. చాముండేశ్వరి గారు ముందుజాగ్రత్తగా అరకిలో కాకరకాయలు తెప్పించి, సోమసుందరం గారికి ఎదురుగా కనబడేలా బల్ల మీద పెట్టారు.

ఆట ముగిసే వేళకు ఇరుజట్లూ సమానంగా ఉన్నాయి. బంతి కృపావరం దగ్గరికి వచ్చింది. అడ్డం వచ్చిన ఇద్దరు డిఫెండర్లు ఒకరినొకరు గుద్దుకుని పడిపోయారు. గోల్‌కీపర్ ముందుకు పరుగెత్తుకొచ్చి కాలు మడత పడి చతికిలబడ్డాడు. ఎదురుగా గోలు, లారీ పట్టేంత ఖాళీ. కృపావరం కుడికాలు ఎత్తాడు!

నెహెమ్యా లేచి నిలబడ్డాడు. పెర్సిస్ టీచరుగారి చెయ్యి పట్టుకుంది. సోమసుందరం గారు కాకరకాయల వైపు భయంగా చూశారు.

అప్పుడు కృపావరం ఎడమవైపుకు తల తిప్పాడు.

“చూశాడూ!” అన్నారు సోమసుందరం గారు ఊపిరి పీల్చుకుంటూ. “ఇక అయిపోయిందండీ. ఎవరికో వడ్డిస్తాడు.”

వడ్డించాడు. ఎడమవైపు నుంచి మణిదీప్ అనే తణుకు కుర్రాడు పరుగెత్తుకొస్తున్నాడు. స్ట్రైకరన్న పేరే గానీ ఆ సీజనంతా వాడూ ఒక్క గోలు కొట్టలేదు. బంతి మెత్తగా వెళ్లి వాడి పాదం ముందు నిలిచింది. వాడు కళ్లు మూసుకుని తన్నాడు. గోలు!

“ఆహా, ఏం వడ్డించాడు!” అని నెహెమ్యా చప్పట్లు కొట్టి, కోడలి ముఖం చూసి మెల్లగా కూర్చున్నాడు.

చాముండేశ్వరి గారు టీవీ కట్టేశారు. “నాతో పూర్తి వాక్యంలో చెప్పాడు,” అన్నారు. బల్ల మీది కాకరకాయలు ఎత్తి వంటింట్లోకి తీసుకెళ్లిపోయారు.

మణిదీప్‌ను క్లబ్బు ఉంచుకుంది. కృపావరం ఇంటికి వచ్చేశాడు. ఎండిన చెరువులో ఊరి పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పడం మొదలుపెట్టాడు. ముందుగా వాళ్ల చేత నీళ్ల బకెట్లు మోయించి, అడ్డం పెట్టిన చేతుల పక్కనుంచి గ్లాసుల్లో పోయిస్తున్నాడని, “బంతాట నేర్పమంటే పులుసు పోయడం నేర్పుతున్నాడండీ!” అని తల్లిదండ్రులు మొత్తుకుంటున్నారని వార్తలు ఏలూరు దాకా వచ్చాయి. చాముండేశ్వరి గారు విననట్టు ఊరుకున్నారు. అతడు ఫోన్ చేస్తే సోమసుందరం గారికి అందించేవారు. చర్చి వార్షికోత్సవం విందుకు తప్పక రావాలని పిలిచినా బదులు చెప్పలేదు.

సరిగ్గా విందు రోజు పొద్దున్నే ఒక పొడుగాటి కుర్రాడు మిఠాయి డబ్బాతో గుమ్మంలో నిలబడ్డాడు.

“నేను మణిదీప్‌నండి. తణుకండి. కృపావరం అన్న ఊరికి విందుకెళ్తున్నానండి. తమరికి కోపమొచ్చిందని పెర్సిస్ వదిన చెప్పారండి.”

“కోపం రాదూ? నీ ఒక్క గోలు కోసం తన ఉద్యోగం పోగొట్టుకున్నాడు. కనీసం నీకైనా ఆ సంగతి తెలుసా?”

“తెలుసండి. చోటు ఒక్కటేనండి. నాకో, అన్నకో. ఎవరు గోలు కొడితే వాళ్లకేనని కోచ్ మా ఇద్దరికీ చెప్పాడండి.”

చాముండేశ్వరి గారి కళ్లజోడు ముక్కు మీదకి జారింది. “కృపావరానికి కూడా తెలుసా?”

“తెలుసండి. ఆ వారమంతా నాకు బెంగతో ముద్ద దిగలేదండి. పెట్టింది పెట్టినట్టే వదిలేసేవాణ్ణండి. అన్న ఏమీ అడగలేదండి. రోజూ నా కంచం వంక చూసి వెళ్లిపోయేవాడండి. గోలయ్యాక అందరూ నా మీద పడి గంతులేస్తుంటే, చెవి దగ్గరకొచ్చి ‘ఇప్పుడు తిను’ అన్నాడండి. అంతేనండి.”

చాముండేశ్వరి గారు జారిన కళ్లజోడు సర్దుకున్నారు. సోమసుందరం గారు మాత్రం డబ్బాలోని కాజాలు ఒకదాని తరువాత ఒకటి తింటున్నారు.

“నాకొక్కడికే కాదండి,” అన్నాడు మణిదీప్. “అన్న బంతి ఎప్పుడూ బాగా ఆడేవాడి దగ్గరికెళ్లేది కాదండి. ఎవడు దిగులుగా ఉంటే ఆడి దగ్గరికేనండి. మా కోచ్‌కి ఇప్పటికీ అర్థం కాలేదండి.”

చాముండేశ్వరి గారు లేచి, పెట్టెలోంచి జరీ అంచు చీర తీశారు. “ఏవండీ, ఆ డబ్బా మూసి చెప్పులు వేసుకోండి.”

“ఎక్కడికి?”

“ప్రేమవిందుకు.”

వెళ్లేసరికి పంక్తులు నడుస్తున్నాయి. కృపావరం బకెట్టుతో పరుగులు తీస్తున్నాడు. దూరం నుంచే వీరిని చూసి, “ఆయ్! రండి రండి!” అని కేకపెట్టి, సోమసుందరం గారినీ మణిదీప్‌నూ ఆకుల ముందు కూలేసి, మళ్లీ మాయమయ్యాడు. చాముండేశ్వరి గారు మాత్రం కూర్చోలేదు. పందిరి గుంజ పక్కన నిలబడి, పంక్తి తరువాత పంక్తి లేవడం చూశారు.

చివరి పంక్తి కూడా లేచింది. పిల్లలు ఆకులు ఎత్తేశారు. అప్పుడు కృపావరం చెమట తుడుచుకుని, ఒక మూల తనకో ఆకు వేసుకుని, అడుగున మిగిలిన అన్నం పెట్టుకుని కూర్చున్నాడు. తలెత్తితే ఎదురుగా టీచరుగారు, చేతిలో పప్పుచారు బకెట్టుతో.

“అయ్యయ్యో, మీరెందుకండీ! చాలండీ, చాలు!” అంటూ రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టాడు.

చాముండేశ్వరి గారు ఆకుకు ఎడమవైపు తదేకంగా చూశారు. కృపావరం చేతులు ఎడమకు జరిపాడు. కుడివైపు అన్నం గుంటలో గరిటెడు పప్పుచారు పడింది. చుక్క చిందలేదు.

“గోలు!” అని పందిరి ఎగిరిపోయేలా అరిచారు పిల్లలు.

“ఇది లెక్కలోకి రాదు,” అన్నారు సోమసుందరం గారు ఆదుర్దాగా. “కొట్టింది ఆవిడ. కాకరకాయకూ దీనికీ సంబంధం లేదు.”

కృపావరం అలవాటుగా ఎడమకు చూశాడు. ఎవరూ లేరు. కుడికి చూశాడు. అందరూ తిని చేతులు కడుక్కున్నవారే. చివరికి బకెట్టు పట్టుకున్న మనిషి వైపు చూసి, ముఖం వెలిగిపోతుండగా అడిగాడు.

“టీచర్ గారూ, మీరు భోంచేశారా అండీ?”

“లేదు. వడ్డించేవారు మధ్యలో తినకూడదు. మీ నాన్నగారి నియమం. నీ పంక్తి లేచాకే నేను తింటాను. ఊఁ, కానీ.”

దాటి పోవడానికి సందు లేదు. కృపావరం తలవంచుకుని ముద్ద కలిపాడు. ఒకటి తిన్నాడు. రెండోది తిన్నాడు. మూడోది తిన్నాక, దొంగతనం చేస్తున్నవాడిలా అటూ ఇటూ చూసి, అడ్డం పెట్టిన ఎడమచెయ్యి మెల్లగా పక్కకు తీశాడు.

“టీచర్ గారండీ… ఇంకొక్క గరిటె వేస్తారా అండీ?”