ఫర్నేసు రెయినో, మా ఆయన ఉన్ని లాగు

రెయినో కంగాస్ ఎవరింట్లో అడుగుపెట్టినా ముందు వాసన చూస్తాడు. పలకరింపులు ఆ తర్వాతే. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, తన సంచిలోంచి తన ఉన్ని చెప్పులే తీసి తొడుక్కుని, తిన్నగా నేలమాళిగలోకి దిగిపోతాడు. కాఫీ తాగి వెళ్లమంటే వద్దంటాడు. మా సాల్మి ఊళ్లో కాఫీ వద్దనడం మొహమ్మీద కొట్టినట్టే లెక్క. ఇతనికి ఆ పట్టింపు లేదు. ముందు ఇల్లంతా వెచ్చబెట్టే ఫర్నేసులో మంట చూడాలి. మంట నీలంగా నిలకడగా ఉంటే పైకొచ్చి మూడు కప్పులు తాగి, ఏలకుల రొట్టె సగం ఖాళీ చేస్తాడు. పసుపుగా ఊగుతుంటే గ్యాసు కట్టేసి, గొట్టానికి ఎర్ర చీటీ వేలాడదీసి, బాగుచేసేదాకా ముట్టుకోవద్దంటాడు. చీటీ పడ్డవాళ్లు అతణ్ణి నెల రోజులు తిట్టుకుంటారు. నేను రెండు నెలలు తిట్టుకున్న మనిషిని.

బళ్లో మా ఇద్దరిదీ ఒకటే బెంచీ. అందరిలాగే ఇనుప గనిలో చేరాడు. గని మూతపడ్డాక మగాళ్లంతా సారా కొట్లో కూర్చుని కంపెనీని తిడుతుంటే, ఇతను డులూత్ పట్నం వెళ్లి ఫర్నేసుల పని నేర్చుకొచ్చాడు. ఆరడుగుల మూడంగుళాల మనిషి నేలమాళిగల్లో బతకడమేమిటో నాకర్థం కాదు. ఊళ్లో అతని నుదురు తగలని దూలం లేదు. మాటలు మాత్రం పొదుపు. నోరు తెరిస్తే ఫిల్టరు మార్చావా, పొగగొట్టం చూసుకున్నావా, ఇవే. పోయినేడు మా ఫర్నేసు పక్కన రంగు డబ్బాలు పెట్టానని చిన్నపిల్లని మందలించినట్టు మందలించాడు. ముప్పై ఏళ్లుగా బడిపిల్లలకి వండిపెడుతున్న దాన్ని, నన్ను మందలించడమా అని ఒళ్లు మండింది. ఈ ఏడు సెప్టెంబరులో, చలికాలం రాకముందే ఫర్నేసు చూసిపోతానని అతను ఫోన్ చేస్తే, నీకెందుకు శ్రమ, మాది బాగానే ఉందని పెట్టేశాను.

ఇక మా అక్క సంగతి. హెల్మి అక్కకి డెబ్బై నాలుగు. పెళ్లి చేసుకోలేదు. మా ఆయన ఉర్హో పోయిన దగ్గర్నుంచీ నాతోనే ఉంటోంది. బళ్లో సంగీతం టీచరుగా చేసింది, నలభై నాలుగేళ్లుగా చర్చిలో ఆర్గన్ వాయిస్తోంది. ఇంట్లోనూ కాళ్లతో పెడళ్లు తొక్కుతూ వాయించే పాత ఆర్గన్ ఒకటి ఉంది. నా రేడియో వినపడటం లేదని దాన్ని నేనే నేలమాళిగలోకి దింపించాను. పొద్దున రెండు గంటలు, భోజనాలయ్యాక మరో రెండు గంటలు అక్క ఫర్నేసు పక్కనే కూర్చుని వాయించుకునేది.

అక్టోబరు చివర్నుంచి అక్క తడబడటం మొదలెట్టింది. చర్చిలో రెండో చరణం వాయించాల్సిన చోట మొదటిదే మళ్లీ వాయించింది. ఒక ఆదివారం పాట మధ్యలో చేతులు ఆపేసి, ఎక్కడున్నానో తెలియనట్టు పాస్టరు గారి వైపు చూసింది. తలనొప్పి అనేది. నాకూ పొద్దున్నే తల బరువుగా ఉండేది కానీ, బడి వంటింటికి వెళ్లి గంట గడిచేసరికి తగ్గిపోయేది. వయసు అనుకున్నాం. సంఘం పెద్దలు కూర్చుని, క్రిస్మస్ తర్వాత ఆర్గన్‌కి వేరే మనిషిని చూసుకుంటామని ఎంతో మర్యాదగా చెప్పారు. అక్క సరేనంది. ఆ రాత్రి తన పాటల పుస్తకాలన్నీ తీసి, ఒక్కొక్క దాని మీద ఎవరికివ్వాలో పేరు రాసింది. ఆర్గన్ లేకుండా మా అక్క ఎలా ఉంటుందో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

ఆ మరుసటి ఆదివారం పొద్దున ఆరాధనలో మూడు పాటల్లోనూ తప్పులు వాయించింది. సాయంత్రం నాలుగింటికి అదే చర్చిలో రెయినో మనవరాలి బాప్తిస్మం. కాఫీలూ కబుర్లతో మేము ఇంటికి రాకుండా అక్కడే ఉండిపోయాం. అక్క అప్పుడు ఒక్క తప్పు లేకుండా వాయించింది. అందరూ దేవుడి దయ అన్నారు. రెయినో మాత్రం, మధ్యలో ఇంటికెళ్లొచ్చారా అని నన్నడిగాడు.

సోమవారం పొద్దున్నే పిలవకుండానే వచ్చాడు. గుమ్మంలో వాసన చూశాడు. బూట్లు విప్పలేదు. చేతిలో గాలిని పరీక్షించే పలకలాంటి చిన్న మీటరుతో రెండు మెట్లు దిగాడో లేదో అది కుయ్యోమని అరిచింది. వెంటనే వెనక్కి తిరిగి, తలుపులు తీసిపెట్టి, మమ్మల్నిద్దర్నీ కోట్లు కూడా తొడుక్కోనివ్వకుండా తన వ్యానులోకి తరిమాడు. హీటరు వేసి, ఇంటి బయట గొట్టం దగ్గర గ్యాసు కట్టేసి, గంట సేపు ఎవర్నీ లోపలికి పోనివ్వలేదు. తర్వాత మీటరు నోరు మూసుకున్నాక, నన్నొక్కదాన్నే కిందికి తీసుకెళ్లాడు.

ఫర్నేసు పక్క గోడలోంచి లోపలికి ఒక గొట్టం దిగుతుంది. మంటకి కావాల్సిన బయటి గాలి అందులోంచి వస్తుంది. గాలితోపాటు మా ఊరి చలీ వస్తుంది మరి. రెయినో అందులో చెయ్యి పెట్టి లాగాడు. ఉన్ని లాగు ఒక కాలు వచ్చింది. ఇంకా లాగాడు. రెండో కాలు వచ్చింది. మా ఆయన లోపల తొడుక్కునే లాగు, మోకాళ్ల దగ్గర నేను కుట్టిన మాసికలతో సహా.

"ఉర్హో ఇంకా ఇక్కడే కాపురం ఉంటున్నాడన్నమాట," అన్నాడు రెయినో.

నాకు నవ్వు రాలేదు. అక్క కాళ్ల మీదికి చల్లగాలి కొడుతోందని, పెడలు తొక్కలేకపోతోందని నేనే కూరాను. ఆ తర్వాత గోడ మీది గ్యాసు అలారం ఊరికే అరుస్తోందని దాని బ్యాటరీలు తీసి రేడియోకి వేసిందీ నేనే. గాలి అందక మంట సరిగ్గా మండలేదు. వాసనా రంగూ లేని విషవాయువు తయారై, పొగగొట్టంలోంచి పైకి పోకుండా ఇంట్లోనే తిరిగింది. రోజంతా బయట ఉండే నాకు తలనొప్పితో పోయింది. దాని పక్కనే కూర్చున్న అక్కకి మాత్రం మతి తప్పినంత పనైంది.

ఇదంతా రెయినో నెమ్మదిగా చెప్పాడు. మందలించలేదు. మందలిస్తే బాగుండుననిపించింది. చీటీ మీద ఏం రాస్తావని అడిగాను.

"గాలి గొట్టం మూసుకుపోయింది అని రాస్తా. ఎవరు మూశారన్నది ఆ కాగితానికి అక్కర్లేదు," అన్నాడు. "అక్కకి మాత్రం నువ్వే చెప్పు లెంపీ. ఆవిడ పుస్తకాల మీద పేర్లు రాసుకుంటోందటగా. ఆ భయం ముందు తియ్యి."

ఎర్ర చీటీ కట్టి, మసి పట్టిన లోపలి భాగాలన్నీ తుడిచి పరీక్షించడానికి రెండు రోజులు పడుతుందనీ, అందాకా తన ఇంట్లోనే ఉండమనీ చెప్పి, మమ్మల్ని తిన్నగా ఆస్పత్రికి తీసుకెళ్లాడు. రక్తం పరీక్షించి డాక్టరమ్మ అదే మాట అంది. ఆక్సిజన్ పెట్టారు. మెదడుకి ముప్పు లేదనీ, తడబాటంతా గ్యాసు చేసిన పనేననీ కాగితం రాసిచ్చింది. రెయినో దాన్ని తీసుకుని పాస్టరు గారింటికి బయల్దేరాడు. సంఘం పెద్దలకి కూడా చూపిస్తానన్నాడు. అంత మాటలు రాని మనిషి అక్కడ ఏం మాట్లాడాడో నాకు తెలియదు. సాయంత్రానికల్లా అక్క స్థానం అక్కదేనని పాస్టరు గారే ఫోన్ చేశారు.

నేను మాత్రం అక్కకి ఇంకా అసలు సంగతి చెప్పలేదు. అక్క మూతికి ఆక్సిజన్ మాస్కు ఉంది కదా, ఎదురు మాట్లాడటానికి వీల్లేదు, ఇదే అదను అనుకుని కుర్చీ దగ్గరికి జరుపుకుని మొత్తం చెప్పేశాను. లాగు సంగతి, బ్యాటరీల సంగతి, సెప్టెంబరులో ఫోన్ పెట్టేసిన సంగతి. నీ కాళ్లకి చలేస్తోందని చేశానే అక్కా, నిన్ను చంపబోయాను అన్నాను. చెప్తూనే ఏడ్చాను.

అక్క మాస్కు లాగేసింది. నర్సు కేకలేస్తున్నా వినిపించుకోలేదు.

"చంపబోయావు, అంతేనా?" అంది. "ఇన్నాళ్లూ నాకు మతి పోతోందనుకుని చచ్చాను కదే."

అని నా చెయ్యి పట్టుకుని, నర్సు వచ్చి మాస్కు మళ్లీ పెట్టేదాకా నవ్వుతూనే ఉంది.