నాలుగు గుడ్డ

చదివాక కాకరకాయ కీకరకాయ అయిందంటారు. నాకు చదువు రాకముందే గుడ్డు గుడ్డ అయింది. దానితో ఒక డాక్టరమ్మ పలహారం, ఒక పసిబిడ్డ పొత్తిగుడ్డ రెండూ మంటగలిశాయి. ఎలాగో వినండి.

పందొమ్మిదివందల నలభైల్లో మాట. నాకు పదహారేళ్ళు. పుంగనూరులో వేరుశనక్కాయలు వలిచేదాన్ని. మదనపల్లె నుంచి పల్లెలకు వైద్యానికి తిరిగే దొరసాని డాక్టరమ్మ దగ్గర వంటకు కుదిరాను. వారం చూసి నచ్చితేనే పని, లేకుంటే మళ్ళీ కాయలే.

కురబలకోట పక్క తోపులో గుడారం వేశాము. ఆ సాయంత్రం ఆమె వేళ్ళు చూపి, "పొద్దున నాలుగు గుడ్డ ఉడికించు. మూడు నిమిషం," అంది.

మూడు నిమిషాల్లో మురికెక్కడ పోతుంది? పాపం, దొరసాని బట్టలుతికి ఎరగదనుకున్నాను. తెల్లారే మూడు రాళ్ళు పెట్టి, కట్లు కట్టే గుడ్డలు నాలుగు గంటసేపు ఉడికించాను. ఆమె ఉప్పు, మిరియాలు దగ్గర పెట్టుకొని కూర్చుంది. నేను మూత తీశాను. ఆమె చెంచాతో ఒకదాన్ని ఎత్తింది. అది మూరెడు సాగింది.

బండి తోలే కుప్పం మునెప్ప నవ్వలేక కూలబడ్డాడు. "ఆయమ్మ అడిగింది కోడి పెట్టేదాన్ని పాపా, బండమీద ఉతికేదాన్ని కాదు."

ఆమె నోట గుడ్డ అంటే కోడిగుడ్డేనని కొంగుకు ముడేసుకున్నాను. ఆమె ఆ రోజంతా మునెప్ప దగ్గర గుడ్డు, గుడ్డ అని వల్లె వేసిందట. నాకెవరు చెప్పారు?

మర్నాడు ఊళ్ళో ఒకామెకు నొప్పులొచ్చాయి. డాక్టరమ్మ తలుపు సందులోంచి, "నాలుగు గుడ్డ ఉడికించు, త్వరగా," అంది.

ఈసారి నన్నెవరు మోసం చేయగలరు? గుడారానికి పరుగెత్తి నాలుగు గుడ్లు ఉడికించి, పెంకు వలిచి, మిరియాలు చల్లి తెచ్చాను. లోపల బిడ్డ ఏడుస్తోంది. డాక్టరమ్మ పళ్ళెం చూసింది, నన్ను చూసింది, తన ఉతికిన కోటు విప్పి బిడ్డను చుట్టింది.

బిడ్డ నాయనమ్మ పళ్ళెం అందుకుంది. "యాలమ్మా అట్ట సూస్తాండావు? ఈ పాపకు తెలివుండాది. కన్నదానికి ఆకలేస్తాండాది," అంటూ కోడలి నోట్లో గుడ్డు పెట్టింది.

బయటికొచ్చాక, మూట సర్దుకోమంటారా అని అడిగాను. డాక్టరమ్మ మిగిలిన గుడ్డు నోట్లో వేసుకొని, తీరిగ్గా నమిలి, "వద్దు. గుడ్డ బాగుంది," అంది.

యాభై దాటాక అక్షరాలు దిద్దితే తెలిసింది, ఆ రెంటికీ తేడా ఒక్క కొమ్మేనని. ఆ కొమ్ము సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరేం ఉడికించమన్నా, ముందు దాన్ని నా చేతిలో పెట్టమంటాను.