తువ్వాలు భుజాన వేసుకున్న శనివారం

నాకు ఫుట్‌బాల్ అంటే గిట్టదు. టీవీలో ఆ ఆట కనిపిస్తే ఇంట్లో ఎవరు చూస్తున్నా సరే రిమోట్ లాక్కుని కట్టేస్తాను. ముసలాడికి చాదస్తం ఎక్కువైందని గొణుక్కుంటారు. గొణుక్కోనీ. ఒకప్పుడు ఇంగ్లండులో ఎక్కడో మూల ఉన్న ఒక చచ్చు క్లబ్బు గెలవాలని వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కుకున్నవాణ్ణి నేను. నాతోపాటు మా క్యాంపులో సగం మంది మొక్కుకున్నారు. ఆ క్లబ్బు ఆడగా మాలో ఒక్కడూ చూసింది లేదు. ఆ ఊరి పేరు పలకడానికి కూడా మాకు నోరు తిరిగేది కాదు.

ఇరాక్ వాడు కువైట్‌ను మింగిన ఏడు అది. మేం హఫర్ అల్ బాతిన్‌లో ఉన్నాం. అది రియాద్‌కు ఉత్తరాన, కువైట్ సరిహద్దు దగ్గరే. అక్కడి సైనిక స్థావరానికి మరమ్మతులు చేసే కంపెనీ మాది. తాపీ వాళ్లు, ప్లంబర్లు, రంగులేసేవాళ్లు, దాదాపు అందరూ కరీంనగర్, నిజామాబాద్ వైపువాళ్లే. నాది సైటు మేనేజర్ క్యాబిన్‌లో పని. వంట, ఊడవడం, బట్టలు ఉతకడం. మా అక్క మొగుడు తాపీ పనిలో ఉండేవాడు. బావకు వీసా తెప్పించింది నేనే. ఏజెంటు దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్లిందీ నేనే. "నేనున్న గదనే అక్కా, ఏం గాదు" అని అక్కకు మాటిచ్చిందీ నేనే.

ఎండాకాలం పోయేసరికి ఎక్కడెక్కడి సైన్యాలో వచ్చి ఊరి చుట్టూ గుడారాలు వేశాయి. రోడ్డు దాటాలంటే ట్యాంకుల వరస అయిపోయేదాకా నిలబడాలి. ఇరాక్ వాడు గ్యాస్ బాంబులు వేస్తాడని, ఆ గాలి పీలిస్తే మందు కొట్టిన పత్తిచేలో పురుగుల్లా రాలిపోతామని ఎవడో బావ చెవిలో ఊదాడు. అప్పటినుంచి ఆయనకు అన్నం సయించలేదు. మనిషి సగమయ్యాడు. పనిలో ఉన్నా మాటిమాటికీ తలెత్తి ఆకాశంలోకి చూసేవాడు.

"బామ్మర్దీ, నన్ను ఇంటికి పంపియ్యిరా. నీ కాళ్లు మొక్కుత" అన్నాడు ఒకరోజు.

బావ నోట ఆ మాట వినేసరికి నాకు ఒళ్లు మండింది. "నా కాళ్లు మొక్కుడేంది, నీకేమన్న పిచ్చి లేసిందా?" అని కసిరాను. పెళ్లిలో ఆ మనిషి కాళ్లు కడిగిన ఇల్లు మాది. కసిరి, బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

పంపడం నా చేతిలో ఉందా? పాస్‌పోర్టులు కంపెనీ బీరువాలో ఉంటాయి. దేశం దాటాలంటే ఖురూజ్ అనే అనుమతి కావాలి. దానికి మేనేజర్ సంతకం పెట్టిన కాగితం రియాద్‌లో మలాజ్ పేటలో ఉన్న కంపెనీ ఆఫీసుకు వెళ్లాలి. అక్కడినుంచి మాకు వీసా ఇచ్చిన కఫీల్ దగ్గరికి. యుద్ధం మాట మొదలయ్యాక కంపెనీ సెలవులన్నీ ఆపేసింది. మరీ తప్పనిసరి అని మేనేజర్ రాసి సంతకం చేస్తేనే వదిలేవారు. మాకు కావలసిందల్లా ఆ ఒక్క సంతకం.

మేనేజర్ ఇంగ్లీషువాడు. ఎర్రటి మెడ, పెద్ద పొట్ట. చెడ్డవాడని అనను. కానీ అతని మనసు అతని చేతిలో ఉండేది కాదు, ఆ క్లబ్బు చేతిలో ఉండేది. వాళ్ల దేశంలో క్లబ్బులకు మెట్లుంటాయట. పైమెట్టు మీదివాళ్లను లోకమంతా ఎరుగుతుంది. ఇతగాడిది కిందిమెట్టు, ఆ ఏడు దాని మీదినుంచి కూడా జారేలా ఉంది. చలికాలం రాకముందే ఇద్దరు కోచ్‌లు మారారు. గోల్‌కీపర్ చెయ్యి విరిగింది. ఓనరేమో గ్రౌండు అమ్మేస్తే అక్కడ పెద్ద బజారు లేస్తుందని బేరం పెట్టాడు. ఊరివాళ్లు గేటు ముందు ధర్నాకు కూర్చున్నారు. ఇదంతా నాకెలా తెలుసంటే, అతనికి చెప్పుకోవడానికి వేరే దిక్కు లేదు. నేను అంట్లు తోముతుంటే వెనక నిలబడి చెప్పేవాడు. మాటల్లో సగం అర్థమయ్యేవి, మిగతా సగం మొహం చూసి తెలుసుకునేవాణ్ణి.

గ్రౌండు పోతే ఇంకో గ్రౌండు చూసుకోవచ్చు కదా సార్ అన్నాను ఓసారి. అప్పుడు చెప్పాడు, వాళ్ల నాన్నను దహనం చేసి, ఆ బూడిద గోలుపోస్టు వెనక గడ్డిలో చల్లారట. ముసలాయన బతికినంతకాలం అక్కడే నిలబడి ఆట చూసేవాడట. తెల్లవాళ్లలో కూడా కాల్చేవాళ్లుంటారని నాకు అప్పుడే తెలిసింది. మేమైతే గోదావరిలో కలుపుతాం అని చెప్పాను. తల ఊపాడు. ఆ రోజు అతని మీద నాకు జాలేసింది.

శనివారం సాయంత్రం ఇషా నమాజు అయ్యాక లండన్ రేడియోలో ఆ వారం ఆటల ఫలితాలు చదివేవారు. అతను రేడియోను పొట్ట మీద పెట్టుకుని కళ్లు మూసుకుని వినేవాడు. ముందు ఒక జట్టు పేరు, దాని గోల్స్. తర్వాత రెండో జట్టు. చదివేవాడి గొంతు రెండో పేరు దగ్గర పైకి లేస్తే ఆ రెండో జట్టువాళ్లు గెలిచారని, కిందికి దిగితే ఓడారని అతనే నాకు నేర్పాడు. కొన్నాళ్లకు నాకు అంకెలతో పనే లేకపోయింది. గొంతు చాలు.

అసలు లంకె పెట్టింది కాగితాలు మోసే డ్రైవర్, హైదరాబాద్ సాయిబు. "అరే భాయ్, మీ సాబ్ టీం గెలిస్తే ఆదివారం దస్కత్ పెడుతుండు. ఓడితే వారమంతా తిట్లే. జర గౌర్ చేసి చూడు" అన్నాడు. చూశాను. నిజమే. గెలిచిన మర్నాడు ఈలలు వేసుకుంటూ ముందున్న కాగితాలన్నిటి మీదా గీకేవాడు. ఓడిన మర్నాడు తలుపు తట్టినవాడికల్లా చివాట్లు. ఈ సంగతి క్యాంపంతా పాకింది. శనివారం సాయంత్రం మెస్సు దగ్గర జనం గుమిగూడి క్యాబిన్ వైపు చూసేవాళ్లు. అరిచి చెబితే బాగుండదు కాబట్టి ఒక గుర్తు పెట్టుకున్నాం. నేను తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వస్తే గెలిచినట్టు. వట్టి భుజంతో వస్తే ఆ వారం ఎవరూ కాగితం పట్టుకుని రావద్దని.

బావ కాగితం సిద్ధమయ్యాక మాత్రం తువ్వాలు భుజం ఎక్కనే లేదు. ఒక శనివారం ఓడారు. మళ్లీ ఓడారు. ఆ పై వారం గ్రౌండు గడ్డకట్టిందని ఆటే ఆపేశారు.

"మంచు పడితే ఆడరా? మనం గింత ఎండల ఇటుకలు మోస్తలేమా?" అని మెస్సు దగ్గర ఒకడు మండిపడ్డాడు. అందరూ ఆ క్లబ్బును అమ్మా అయ్యా అని తిట్టారు. తిట్టి, ఆ రాత్రే గదిలో తలుపు వేసుకుని, నా పెట్టె మూత లోపల అంటించిన రాజన్న పటం ముందు నిలబడ్డారు. బావ రెండు చేతులూ జోడించి, "రాజన్నా, గా గుంపును గెలిపియ్యి తండ్రీ. వచ్చినంక నీకు కోడెను కడ్త" అన్నాడు. గుంపు అంటే ఆ ఇంగ్లీషు జట్టు. నవ్వు రావాల్సిన మాట. ఎవరికీ రాలేదు.

కొత్త సంవత్సరం వచ్చింది. ఇరాక్ వాడికి పెట్టిన గడువు దగ్గర పడింది. విమానాలు ఇక ఆగిపోతాయని సాయిబు కబురు మోసుకొచ్చాడు. బావ కాగితం మేనేజర్ బల్ల మీదే ఉంది. నేను రెండుసార్లు అడిగి తిట్లు తిన్నాను. ఆ శనివారం టీ పెట్టి అతని ముందుంచి గోడకు ఆనుకుని నిలబడ్డాను. రేడియో గరగరమంటోంది. అవతలి జట్టు పేరు వచ్చింది. తర్వాత మా క్లబ్బు పేరు. గొంతు ఆకాశానికి లేచింది.

మేనేజర్ కుర్చీలోంచి లేచి నన్ను కావలించుకున్నాడు. నేనూ కావలించుకున్నాను. అబద్ధం చెప్పను, ఇద్దరం ఎగిరాం. కాగితం తీసి ముందు పెడితే అతను నవ్వుతూ చేతులు చూపించాడు. వణుకుతున్నాయి.

"టుమారో మార్నింగ్. ఫస్ట్ థింగ్" అన్నాడు.

తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వచ్చాను. మెస్సు దగ్గర పెట్టిన కేకలకు కాపలా సిపాయిలు పరిగెత్తుకొచ్చారు. బావ ఆ రోజు రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు. "గెలిసిండ్రా బామ్మర్దీ, గెలిసిండ్రు" అని తినేంతసేపూ అంటూనే ఉన్నాడు.

పొద్దున్నే వెళ్తే క్యాబిన్ తలుపు తీసి ఉంది. బీరువా తాళం వేసి ఉంది. రేడియో బల్ల మీద ఉంది, దాని కింద బావ కాగితం ఉంది, సంతకం లేదు. తెల్లవారకముందే ఆర్డరు వచ్చిందట. తెల్లవాళ్లందరినీ కార్లలో తాయిఫ్ తీసుకెళ్లిపోయారు. అది కొండల మీది ఊరు, అక్కడికి ఏ రాకెట్టూ రాదు. మా సంగతి ఎవరూ ఆలోచించలేదు. ఆ మాట బావకు ఎలా చెప్పానో నాకు గుర్తులేదు. ఆయన మళ్లీ తలెత్తి ఆకాశంలోకి చూడటం మాత్రం గుర్తుంది.

ఆ వారంలోనే యుద్ధం మొదలైంది. గ్యాస్ మాస్కులు మా దాకా రాలేదు. కిటికీలకు ప్లాస్టిక్ కాగితం అంటించుకోండి, సైరన్ మోగితే తడిబట్ట ముక్కుకు అడ్డం పెట్టుకోండి అని చెప్పి వెళ్లారు. బావ ఆ పని ఎంత శ్రద్ధగా చేశాడంటే, గోడ కట్టినట్టే చేశాడు. కిటికీ, ఏసీ కన్నం, తలుపు సందులు, ఎక్కడా వేలు దూరే ఖాళీ లేకుండా టేపు వేశాడు. తడిబట్ట కావాలంటే నా తువ్వాలు ఇచ్చాను.

ఒక సాయంత్రం సైరన్ మోగింది, కరెంటు పోయింది. అందరూ రోడ్డు కింది సిమెంటు తూములోకి పరిగెత్తారు. నేను బావ కోసం వెళ్లాను. ఆయన తలుపు తీయలేదు.

"బయట గ్యాస్ ఉంటదిరా. నువ్వే లోపటికి రా. వెచ్చగున్నది" అన్నాడు లోపలినుంచి.

"నీకు దండం పెడ్త బావా, బయటికి రా" అని తలుపు బాదాను. రాలేదు. మళ్లీ సైరన్ మోగింది. నాకు ప్రాణం మీద తీపి. తిట్టి, పరిగెత్తాను.

వెచ్చగా ఎందుకుందో పొద్దున తలుపు పగలగొట్టాక తెలిసింది. రంగు డబ్బాలో బొగ్గులు రాజేసుకున్నాడు. జనవరి చలి అక్కడ ఎముకలు కొరికేస్తుంది. పొగ పోవడానికి ఆయన ఎక్కడా దారి ఉంచలేదు. మూలన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, ముక్కు మీద నా తువ్వాలు, ఇంకా తడిగానే ఉంది. ఇరాక్ వాడి గ్యాస్ ఆ యుద్ధం అయిపోయేదాకా మా మీద పడనే లేదు.

ఒంటి మీది బట్టలతో, ఆ తువ్వాలుతో సహా బావను పోలీసులు తీసుకెళ్లి ఆసుపత్రి మార్చురీలో పెట్టారు. ఆ దేశంలో కాల్చనివ్వరు. పాతిపెట్టమంటావా అని అడిగారు. చాలా రోజులకు ఫోను కలిస్తే అక్క ఏడవను కూడా లేదు. "తమ్మీ, ఆయన్ను నాకు పంపియ్యి" అంది. మలాజ్ ఆఫీసుకు మనిషిని పంపితే, శవానికైనా ఖురూజ్ కావాలి, దానికి సైటు మేనేజర్ సంతకం కావాలి అన్నారు. బావ అక్కడ మంచు పెట్టెలో ఎదురుచూశాడు.

యుద్ధం ముగిశాక మేనేజర్ తిరిగొచ్చాడు. వచ్చింది ఒక శనివారం. కొత్త కాగితం పట్టుకుని సాయంత్రం వెళ్లాను. అతని మెడ పట్టుకుని గోడకేసి కొట్టాలని ఉంది, ఇప్పుడు చెబుతున్నా కూడా నా చేతులు బిగుసుకుంటున్నాయి. అతను కాగితం చదివాడు. మళ్లీ చదివాడు. లేచి నిలబడి, నిలబడే సంతకం పెట్టాడు.

"టుమారో మార్నింగ్ అన్నాను కదా నీతో" అన్నాడు. గ్రౌండు అమ్ముడుపోయిందని ఆ తర్వాత సాయిబు చెప్పాడు. ఆ రోజు మాత్రం అతను క్లబ్బు మాట ఎత్తలేదు.

బల్ల మీద రేడియో మోగుతూనే ఉంది. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని తలుపు దాకా వచ్చాను. వెనక అవతలి జట్టు పేరు చదివారు. నా కాళ్లు ఆగిపోయాయి. గెలిస్తే ఎవరికి, ఎందుకు? అయినా ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. మా క్లబ్బు పేరు దగ్గర గొంతు పైకి లేచింది. నా చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది. అక్కడ తువ్వాలు లేదు.