ఎర్ర పీలిక కట్టిన తాడు

మావయ్య కుటుంబం ఆ సెలవులకు వెళ్ళాల్సింది సైప్రస్‌కు. మధ్యధరా సముద్రంలో అదొక దీవి. నీలం నీళ్ళు, తెల్ల ఇసుక, పిల్లలకు వేరే ఈతకొలను, అన్నీ ప్యాకేజీలోనే. వీసా రాలేదు. సెలవులు మాత్రం వచ్చేశాయి, సూట్‌కేసులు కూడా సర్దేశారు. అప్పుడు వాళ్ళకు రంగూన్‌లో మేమున్నామని గుర్తుకొచ్చింది.

ఇదంతా మావయ్యే ఫోన్‌లో చెప్పాడు, ఏమీ దాచుకోకుండా. "మీ దేశానికైతే వీసా తొందరగా ఇస్తారట కదమ్మా. మీదీ నీళ్ళ పక్కనే కదా!" అన్నాడు. నీళ్ళ పక్కనే అన్నాను. ఏ రంగు నీళ్ళో అతను అడగలేదు, నేను చెప్పలేదు.

మావయ్య అంటే మా అమ్మకు పిన్ని కొడుకు. అమ్మ పుట్టగానే తల్లి పోతే పెంచింది ఆ పిన్నే, రంగూన్‌లోని ఇదే బోటాటౌంగ్ పేటలో, మేమిప్పుడుంటున్న ఈ మూడో అంతస్తులోనే. అమ్మ బడికెళ్ళే రోజుల్లో బర్మాలో మిలటరీ ప్రభుత్వం వచ్చి, మనవాళ్ళకు ఉద్యోగాలు పోయి, కొట్లు పోయి, గుంపులు గుంపులుగా ఓడలెక్కారు. పిన్నీ ఆమె భర్తా విశాఖపట్నం వెళ్ళిపోయారు. తాతకు రేవులో పని ఉండబట్టి కూతురితో ఇక్కడే ఆగిపోయాడు. కొన్నాళ్ళు ఉత్తరాలు నడిచాయి, తర్వాత అవీ లేవు. మావయ్య అక్కడికి వెళ్ళాక చాలా ఏళ్ళకు పుట్టాడు. పిన్ని పోయిన సంగతి మాకు ఇక్కడి తెలుగు చర్చివాళ్ళ ద్వారా తెలిసింది, మావయ్య ఫోన్ నంబరుతో పాటు.

అమ్మకు అతన్ని ఒక్కటే అడగాలని ఉంది. పిన్ని తనను ఎప్పుడైనా తలుచుకుందా అని. ఆ మాట నాతో బియ్యం ఏరుతూ అంది.

"ఓడెక్కినప్పుడు ఏడవనేదు ఆవిడ. ఎనక్కి తిరిగి సూడనేదు. నన్ను మరిసిపోనాదేటో."

ఫోన్‌లో అడిగెయ్యొచ్చు కదా అన్నాను.

"అది ఫోన్‌లో అడిగీదేటే? ఇంటికొచ్చి, అన్నం తిని, కూసున్నాక అడగాల."

వాళ్ళకు స్వాగతం చెప్పే పని నా మీద పడింది. చౌక్తడా పేటలో నేను గుమస్తాగా చేసే ఆఫీసుకు సెలవు పెట్టి విమానాశ్రయానికి వెళ్ళాను. ముందు వాళ్ళమ్మాయి బయటికొచ్చింది. తలమీద గడ్డి టోపీ, కళ్ళకు ఈత కళ్ళద్దాలు, మెడలో గాలి ఊదిన రబ్బరు ట్యూబు. వరసకు నాకు మరదలు, వయసుకు కూతురంత.

"వదినా, సీ ఎక్కడ?" అంది.

దూరం అన్నాను. అది నిజమే.

ఊళ్ళోవాళ్ళు సెలవురోజున ఏం చేస్తారో అదే చూపించమని అత్తయ్య అడిగింది. మేం సెలవురోజున కరెంటు ఉన్నంతసేపు నిద్రపోతాం. అది చూపించలేం కాబట్టి నది మీద ఫెర్రీ ఎక్కించి అవతలి ఒడ్డుకు తీసుకెళ్ళాను. నీళ్ళు పాలు ఎక్కువైన టీ రంగులో ఉన్నాయి. పిల్ల ట్యూబు నడుముకు దింపుకుని కూర్చుంది. పక్కనున్న బర్మా పెద్దాయన ఆ ట్యూబును చూసి, తన బుట్టను దగ్గరికి లాక్కుని, ఈ పడవకేమీ కాలేదు కదా అని నన్ను మెల్లిగా అడిగాడు. ఇంతలో సముద్రపు పక్షులు మూగాయి. పిల్ల మరమరాలు విసిరితే గాల్లోనే అందుకున్నాయి. సైప్రస్‌లోనూ ఇవే పక్షులుంటాయని అత్తయ్య ఫోన్‌లో చూసి చెప్పింది. ఆ తర్వాత ఎవరూ సముద్రం సంగతి ఎత్తలేదు.

అన్నీ చూశారు. పగోడాలు చూశారు, బుగ్గలకు ఇక్కడి ఆడవాళ్ళు పూసుకునే తనాకా చెక్క గంధం పూయించుకుని ఫొటోలు దిగారు. మా ఇంటికి మాత్రం రాలేదు. హోటల్లో మూడుపూటలా భోజనం ప్యాకేజీలోనే ఉందట. పైగా పిల్లకు బయటి తిండి పడదట. "రేపు తప్పకుండా వస్తాం, అక్కకు చెప్పు" అని మావయ్య రోజూ అనేవాడు. అమ్మ రోజూ గోంగూర రొయ్యలు వండేది. పొద్దుగూకాక ఆ గిన్నె కింది అంతస్తు బర్మావాళ్ళింటికి వెళ్ళేది. చివరికి వాళ్ళే, మీ చుట్టాలు ఇంకా ఎన్నాళ్ళుంటారని ఆశగా అడగడం మొదలుపెట్టారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. హోటల్‌కు వెళ్ళి నాలుగు దులిపేసి వస్తానన్నాను.

"ఊరుకో. ఆళ్ళు సెలవలకొచ్చినారు, నా కోసరమొచ్చినారేటి?" అంది అమ్మ. అని, మర్నాటికి మళ్ళీ గోంగూర కొంది.

మా వీధిలో ఒక ఏర్పాటుంది. ప్రతి అంతస్తు బాల్కనీ నుంచీ వీధిలోకి ఒక తాడు వేలాడుతూ ఉంటుంది. కింద తాడు లాగితే పైన కట్టిన గంట మోగుతుంది. పైవాళ్ళు తొంగిచూసి, కింది ఇనప గేటు తాళంచెవిని సంచిలో పెట్టి దింపుతారు. పేపరు, రొట్టె, కూరలు అన్నీ ఆ దారినే పైకొస్తాయి. తాళ్ళన్నీ ఒకేలా ఉంటాయని మా తాడు కొసకు ఎర్ర పీలిక కట్టి ఉంటుంది. అది పిన్ని పెట్టిన అలవాటు. అమ్మ బడి నుంచి వచ్చి తాడు లాగితే, "వొస్తన్నానే గుంటా" అని పిన్ని పైనుంచి కేకేసేదట. మా యాసలో గుంట అంటే ఆడపిల్ల.

చివరిరోజు విమానాశ్రయానికి వెళ్తూ కిందనుంచే కనిపించి వెళ్తామని మావయ్య చెప్పాడు. కిందనుంచే! వీధి చివరికి వచ్చి ఫోన్ చేయమన్నాను. ఆ పూట కరెంటు పోయింది, కాసేపటికి ఫోన్ సిగ్నల్ కూడా పోయింది. అమ్మ మంచి బర్మా లుంగీ కట్టుకుని కుర్చీలో కూర్చుంది. వాళ్ళిక రారనుకున్నాను.

గంట మోగింది.

"కూరలోడు" అంది అమ్మ, లేవకుండానే.

నేను బాల్కనీలోంచి చూశాను. కింద గడ్డి టోపీ కనిపించింది. పిల్ల మా తాడును రెండు చేతులతో పట్టుకుని, తల పైకెత్తి చూస్తోంది. తాళంచెవి దింపాను. ముగ్గురూ ఎక్కి వచ్చారు. అత్తయ్య ఆయాసపడుతూ గుమ్మం పట్టుకుంది.

"తాడు లాగాలని నీకెవులు సెప్పినారే?" అంది అమ్మ పిల్లతో.

"నాయనమ్మ ఇంటికి కూడా ఉంది కదా. రెడ్ క్లాత్ ఉన్నదే లాగాలి."

అమ్మ మావయ్య వైపు చూసింది. "మీది మేడేటి?"

"మేడెక్కడక్కా, రేకులిల్లు." మావయ్య కాస్త సిగ్గుపడ్డాడు. "వీధిలోకే తలుపు. కాలింగ్ బెల్ కూడా పెట్టించాను. అయినా అమ్మ చూరుకి గంట కట్టి, తాడు వేలాడేసింది. వీధిలో పిల్లలందరూ లాగి పారిపోయేవారు. తీసేద్దామంటే కొట్టడానికొచ్చేది. 'రంగూన్లో మా గుంటుంది, ఎప్పుడో ఒకప్పుడు వొస్తాది, దానికి తలుపు కొట్టడం తెల్దు' అనేది. పీలిక పాతబడితే కొత్తది కట్టేది. మేమేమో ఆ గుంట మా ఈడుదే అనుకునేవాళ్ళం."

అమ్మ అడగాలనుకున్నది ఇక అడగలేదు. నాకే ఏడుపొచ్చి వంటింట్లోకి వెళ్ళాను. వెనకాలే అమ్మ వచ్చి కంచాలు తీసింది. కింద టాక్సీ హారన్ కొడుతూనే ఉంది. బయటి తిండి పడని పిల్ల రెండోసారి గోంగూర వేయించుకుంది. అత్తయ్య గడియారం చూసుకుంటూనే తింది.

"తాడు ఇప్పటికీ ఉందేటి?" అంది అమ్మ.

"ఉందక్కా. ఎవరూ తియ్యలేదు."

చేతులు కడుక్కున్నాక అమ్మ పిల్లను దగ్గరికి పిలిచింది. "ఓలమ్మా, నువ్వు ముందు కిందికెల్లి ఇంకోపాలి లాగు."

ఫ్లైటుకు టైమైపోతోంది వదిన గారూ అని అత్తయ్య అంటూనే ఉంది, పిల్ల అప్పటికే మెట్లమీద ఉంది. అమ్మ బాల్కనీ కమ్మీ పట్టుకుని నిలబడింది. గంట మోగింది. అమ్మ కిందికి వంగి, వీధంతా వినబడేలా కేకేసింది.

"వొస్తన్నానే గుంటా!"